మొగ దాటితేనే పులస!

గౌతమిలో వలల తోపులాట.. ఒకే ఏటికి రెండు ప్రభుత్వాలు.. పట్టినవాటి గొప్పలే తప్ప దాటినవాటి లెక్క లేదు

గోదారికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, యానాం రేవులో సందడి మొదలవుతుంది. తెల్లారకముందే పడవలు గౌతమిలోకి దిగుతాయి. ఒడ్డున బేరగాళ్లు, ఫోన్లో ముందే మాట్లాడి పెట్టుకున్న షావుకార్ల మనుషులు, వీడియోలు తీసే కుర్రాళ్లు. వలలో ఒక్క పులస పడితే ఊరంతా తెలిసిపోతుంది. ఒక్క చేప వేలంపాటలో 20 వేల రూపాయలు దాటి పలికిన సందర్భాలు ఇటీవలి సీజన్లలో ఉన్నాయి. మర్నాడు పేపర్లో ఫొటో, టీవీలో ఓ ముక్క. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతను అందరూ మరోసారి గుర్తుచేసుకుంటారు.

ఈ సందడిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ చేప ఏట్లోకి ఎందుకొచ్చింది? మన పులుసులోకి రావడానికైతే కాదు. గుడ్లు పెట్టడానికి వచ్చింది. మొగ దగ్గరే వలకు చిక్కితే గుడ్లెక్కడ పెడుతుంది? రేపటి ఏడాది చేప ఎక్కణ్నుంచి వస్తుంది?

ధర ఏటేటా పెరుగుతోందని మురిసిపోయేవాళ్లున్నారు. నిజానికది మంచి కబురు కాదు. పులస ఎంత కరవైందో చెప్పే కొలత అది. దొరికినవాడికి ఆ రోజు పండగే. రోజంతా వలేసి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన పది పడవల సంగతి పేపర్లో రాదు.

ఏటికి ఎదురీదే చేప

సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని ఇలస అంటారు, కొన్ని రేవుల్లో విలస అంటారు. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్ ఇదే. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరదనీరు సముద్రంలో కలిసేటప్పుడు, ఆ తీపినీటి జాడ పట్టుకుని మొగలోకి వస్తుంది. ఏటికి ఎదురీదే కొద్దీ ఒళ్లు మారి, రుచి తిరుగుతుంది. ఇలస పులస అయ్యేది అప్పుడే.

ఒక్క ఆడచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. పెద్ద చేపల్లో 20 లక్షల దాకా ఉంటాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పిల్లలు కొన్ని నెలలు ఏట్లో, మొగ దగ్గరి నీళ్లలో పెరిగి సముద్రానికి పోతాయి. ఎదిగాక మళ్లీ ఏరు వెతుక్కుంటూ వస్తాయి. పసిఫిక్ సముద్రంలోని సాల్మన్ చేపదీ ఇదే తీరు. ఒక్కటే తేడా. ఆ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. పులస చావదు. బతికితే తిరిగి సముద్రానికి పోయి, మరో ఏడాది మళ్లీ రాగలదు. అంటే వదిలిన చేప ఒక్కసారికి కాదు, పలుమార్లు లాభమిచ్చే చేప.

మొగలో తోపులాట

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి యానాం పక్కనుంచి భైరవపాలెం వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది. పులసకున్న ముఖ్యమైన ద్వారాలు ఇవే. పైన చూస్తే ధవళేశ్వరం గోడ. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటికి సిద్ధమైంది. అవి డెల్టాకు అన్నం పెట్టాయి, కాదనలేం. చేప దారిని మాత్రం పొట్టి చేశాయి. కింద మొగ, పైన గోడ. ఈ మధ్యనున్న నీళ్లలోనే అది గుడ్లు పెట్టాలి, ఈ మధ్యనున్న నీళ్లలోనే మన వలలన్నీ పడాలి.

ఇరుకు పెరిగితే తగవులూ పెరుగుతాయి. ఒకరు వేసిన వల మీద ఇంకొకరు వెయ్యడం, దారికి అడ్డంగా ఒడ్డు నుంచి ఒడ్డు దాకా వలలు పరచడం, ఇంజను పడవతో వచ్చి చేతినావ వాడి చోటు లాక్కోవడం, వల తెగిందని ఊరికీ ఊరికీ మాట పట్టింపు. ఏటిమొగల్లో వినిపించే రభసలు ఇలాంటివే. వీటికి తోడు సన్నకన్ను వలలు. దోమతెర లాంటి ఆ వలల్లో పెద్ద చేపతోపాటు, సముద్రానికి పోవాల్సిన పిల్లలూ ఒడ్డుకొస్తాయి. పులస పిల్లని తెలియకుండానే చిల్లర చేపల గంపలో కలిసిపోతాయి. పది రూపాయలకు అమ్ముడైన ఆ పిల్లే, రెండేళ్లు వదిలితే వేలు పలికేది.

ఇదంతా మత్స్యకారుడి అత్యాశ అనేస్తే తేలికే. కానీ అతని వైపు నుంచి చూడాలి. డీజిల్ ఖర్చు, వల ఖర్చు, కూలి. సీజన్ మొత్తానికి దొరికే పులసలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కటి దొరికితే నెల గడుస్తుంది. అలాంటివాడికి వదిలెయ్యమని చెబితే, ‘నేను వదిలితే వెనకోడు పడతాడు’ అంటాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అసలు జబ్బు అక్కడే ఉంది. వదిలిన చేప మొగ దాటి పోతుందన్న భరోసా ఎవరికీ లేనప్పుడు, ముందు పట్టినవాడే తెలివైనవాడు అవుతాడు.

తినేవాళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు. గుడ్లున్న ఆడచేపను శన పులస అంటారు. మగదానికన్నా దానికే గిరాకీ, దానికే ధర. అంటే ఏ చేప తప్పకుండా పైకి పోవాలో, ఆ చేప తలకే మన బజారు ఎక్కువ వెల కడుతోంది. పెళ్లివారింటికి, పై అధికారికి, రాజకీయ నాయకుడికి కానుకగా పంపడం మర్యాదైపోయింది. పైగా గిరాకీకి సరిపడా చేప లేక, ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన ఇలసను గోదారి పులసగా అంటగట్టే వ్యాపారం కూడా నడుస్తోంది. కొన్నవాడు మోసపోతున్నాడు. ఏట్లో చేప తగ్గిందన్న నిజం ఆ ఐసుపెట్టెల వెనక దాగిపోతోంది.

రెండు సర్కార్లు.. ఒక్క ఏరు

యానాం పుదుచ్చేరిలో భాగం. చుట్టూ ఆంధ్ర. 2022 జిల్లాల విభజన తర్వాత ఓ పక్క కాకినాడ, ఇంకో పక్క కోనసీమ జిల్లా. ఎదుర్లంక వారధి మీద నిలబడి చూస్తే కింద పారే నీటికి హద్దురాయి కనిపించదు. చేపకు అసలే కనిపించదు. కాగితాల్లో మాత్రం హద్దు గట్టిగానే ఉంది. ఆంధ్రకు 1994 నాటి సముద్ర చేపలవేట చట్టం ఉంది. పుదుచ్చేరికి 2008 నాటిది వేరే ఉంది. యానాం వాళ్ల మొర వినాల్సిన పెద్ద కార్యాలయం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆంధ్ర ప్రభుత్వం ఆ రోజులకిచ్చే సాయాన్ని 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. యానాం వారికి వచ్చేది పుదుచ్చేరి లెక్క. ఒకే రేవులో పక్కపక్కనే పడవలు కట్టుకునేవాళ్లకు రెండు లెక్కలు.

అసలు విషయం ఇంకోటి ఉంది. తేదీలు చూడండి. నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. పులస జులైలో బయల్దేరుతుంది. అంటే సముద్రంలో మిగతా చేపలకు పనికొచ్చే ఆ 61 రోజులు, గుడ్లు పెట్టడానికి ఏరెక్కే పులసకు ఏమంత పనికిరావు. విరామం అయిపోయి, వలలన్నీ బాగుచేసుకుని, పడవలన్నీ ఒక్కసారి నీళ్లలోకి దిగిన తర్వాత అది వస్తుంది. ఏట్లో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టకూడదని 1897 నుంచీ చట్టం ఉంది. మొగలో వలలకూ చేపకూ మధ్య దారి ఎంత ఉండాలన్న దాని మీద మాత్రం ఏటి రెండు ఒడ్డులకూ కలిపి ఒక్క మాట లేదు.

భుజాలు రాసుకునే చోట

తోపులాట మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలోని అలాస్కాలో రష్యన్ రివర్ అని ఓ చిన్న ఏరుంది. అది కెనాయ్ నదిలో కలుస్తుంది. యాంకరేజ్ నగరం నుంచి 160 కిలోమీటర్ల దూరం. రోడ్డు పక్కనే ఉండటంతో జూన్, జులై నెలల్లో సాకై రకం సాల్మన్ ఏరెక్కే రోజుల్లో జనం విరగబడతారు. భుజం భుజం రాసుకుంటూ మోకాటి లోతు నీళ్లలో వరసగా నిలబడి గాలాలు విసురుతారు. ఒకరి తాడు ఇంకొకరి తాడుకు చుట్టుకోవడం, పక్కవాడి చెవికో చేతికో గాలం గుచ్చుకోవడం, చోటు కోసం కేకలేసుకోవడం అక్కడ మామూలే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరే ‘కాంబాట్ ఫిషింగ్’. అంటే యుద్ధం లాంటి వేట.

మరి అక్కడ చేప ఎలా మిగులుతోంది? ఆ జనం మనకన్నా మంచివాళ్లని కాదు. కట్టుబాట్లు అలా ఉన్నాయి. మనిషికి రోజుకు మూడు సాకై చేపలన్నది మామూలు పరిమితి. గాలం చేప నోటికే తగలాలి. వీపుకో తోకకో తగిలితే వెంటనే వదిలెయ్యాలి. లాగి గుచ్చి పట్టడం నేరం. శుభ్రం చేసిన చేపల తలలు, ముళ్లు ఒడ్డున పారేస్తే ఎలుగుబంట్లు వస్తాయి కాబట్టి వాటికీ పద్ధతి పెట్టారు. జనం తొక్కిడికి గట్లు కూలిపోతుంటే, చేపపిల్లలు దాక్కునేది ఆ గట్ల నీడలోనే కాబట్టి, చెక్క నడవలు, మెట్లు కట్టి అక్కడే నడవమన్నారు.

వీటన్నిటికంటే ముఖ్యమైంది లెక్క. ఏటి ఎగువన అడ్డుకంచె కట్టి, దాటిపోయే చేపలను లెక్కిస్తారు. కెనాయ్ నదిలో నీటి కింద శబ్దతరంగాల యంత్రాలతో లెక్కిస్తారు. రష్యన్ రివర్‌లో తొలి విడత సాకై చేపలు 22 వేల నుంచి 42 వేల దాకా పైకి పోవాలన్నది అక్కడి మత్స్యశాఖ పెట్టుకున్న లక్ష్యం. ముందు ఆ సంఖ్య. తర్వాతే వేట. చేప ఎక్కువగా దాటితే పరిమితిని సీజన్ మధ్యలోనే పెంచుతారు. తక్కువైతే మూసేస్తారు. పక్కవాడికీ మూడే అని తెలిసినప్పుడు, నాలుగో చేపను వదలడానికి మనసు ఒప్పుకుంటుంది.

ఇదేదో సర్వరోగ నివారిణి అని చెప్పడం కాదు. అదే కెనాయ్ నదిలో పెద్దదైన కింగ్ సాల్మన్ తగ్గిపోయింది. 2023, 2024 సీజన్లలో దాని వేటను మూసెయ్యాల్సి వచ్చింది. దాంతో దగ్గర్లో ఒడ్డున వలలు కట్టుకునే మత్స్యకారుల ఉపాధి కూడా పోయింది. సముద్రంలో వచ్చే మార్పులను ఏటి కట్టుబాట్లు ఆపలేవు. కానీ తగ్గుతోందన్న సంగతి వాళ్లకు ముందే తెలిసింది, లెక్క ఉంది కాబట్టి. మనకు వేలంపాట ధర ఒక్కటే తెలుసు.

ఇంకో తేడా కూడా మరిచిపోకూడదు. అక్కడ ఏట్లో నిలబడేవాళ్లలో ఎక్కువమంది సరదాకో, ఇంట్లో వండుకోవడానికో వచ్చినవాళ్లు. ఇక్కడ వలేసేవాడికి అదే కూడు. రోజుకు మూడే అన్న రూలు తెచ్చి ఇక్కడ రుద్దితే అన్యాయం. అందుకే మనకు దగ్గరి ఉదాహరణలు చూడాలి.

బంగ్లాదేశ్ చెప్పే పాఠం

ఇదే ఇలసకు పెద్దిల్లు బంగ్లాదేశ్. 2002-03 ప్రాంతంలో అక్కడ ఇలస దిగుబడి 2 లక్షల టన్నులకు పడిపోయింది. అప్పుడు మేలుకున్నారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లచేపను నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదన్నారు. గుడ్లు పెట్టే రోజులు చూసి అక్టోబరు ప్రాంతంలో వేట పూర్తిగా ఆపారు. ఇప్పుడది 22 రోజులు. పిల్లచేపల కాలంలో జాలరి కుటుంబాలకు నెలకు 40 కిలోల బియ్యం ఇచ్చే ఏర్పాటు చేశారు. బియ్యం అందరికీ అందడం లేదని, బియ్యంతోనే ఇల్లు గడవదని విమర్శలున్నాయి. దొంగచాటు వేటా ఉంది. అయినా 2017-18 నాటికి దిగుబడి 5 లక్షల టన్నులు దాటింది. ఆ తర్వాత ఒడుదొడుకులున్నా, పడిపోయిన చేపను లేపొచ్చని రుజువైంది.

పశ్చిమ బెంగాల్ కూడా 2013లో 23 సెంటీమీటర్ల లోపు ఇలసను పట్టడం, అమ్మడం కూడదని ఉత్తర్వు ఇచ్చింది. అక్కడ 1975లో వచ్చిన ఫరక్కా బ్యారేజీ గంగలో ఇలస దారిని కోసేసింది. బ్యారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ ఫరక్కా ఎగువన ఇలసలను వదిలి, కొన్నింటికి గుర్తులు కట్టి అవి ఎటు పోతున్నాయో చూసే పని చేపట్టింది. గోదావరి పులసకు అలాంటి శ్రద్ధ ఎందుకు దక్కకూడదు?

వంతు పద్ధతి మనకు కొత్తేం కాదు

సర్కారు చట్టం దాకా ఎందుకు? తిరుపతి జిల్లాకూ, తమిళనాట తిరువళ్లూరు జిల్లాకూ మధ్య పరుచుకున్న పులికాట్ సరస్సులో తమిళ మత్స్యకారులకు ‘పాడు’ అనే కట్టుబాటుంది. తెలుగులో ఆ మాట వినడానికి చెడ్డగా ఉన్నా, పద్ధతి మంచిదే. రొయ్య ఎక్కువగా పడే చోట్లు కొన్నే. వాటి కోసం కొట్టుకోకుండా, ఊరివాళ్లు కూర్చుని చీట్లు వేసుకుని, ఎవరు ఏ రోజు ఎక్కడ వల కట్టాలో తేల్చుకుంటారు. ఇవాళ మంచి చోటు దొరికినవాడికి రేపు దొరకదు. రేపు దొరకనివాడికి ఎల్లుండి దొరుకుతుంది. దీనిలోనూ లోపాలున్నాయి. కొన్ని కులాలకే, కొన్ని ఊళ్లకే హక్కులుండటం వల్ల బయటివాళ్లకు చోటు లేక గొడవలు జరిగాయి. అయినా ఒక్క సంగతి తెలుస్తోంది. పోలీసు లేకపోయినా వంతు నిలబడుతుంది, అందరూ కలిసి పెట్టుకుంటే.

యానాంలోనూ, ఎదుటి ఒడ్డున ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు పల్లెల్లోనూ కుల పెద్దల మాటకు ఇప్పటికీ విలువుంది. హద్దుకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే భాష మాట్లాడేవాళ్లు, వియ్యమందుకునేవాళ్లు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకునేలోగా రెండు ఒడ్డులూ మాట్లాడుకోవచ్చు.

ఏం చేయొచ్చు?

మొదటిది, మొగలో దారి. ఏటికి అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వల ఉండకూడదు. నడిమి పాయలో కొంత వెడల్పు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. పడవల రాకపోకలకూ అది మంచిదే.

రెండోది, విరామం. మూడు నెలలూ ఆపమనడం కుదరని పని. వరద పోటెత్తిన రోజుల్లో, చేప గుంపుగా ఎక్కేటప్పుడు వారానికి రెండు రోజులైనా రెండు ఒడ్డుల్లోనూ వలలు ఎత్తెయ్యాలి. ఆ రోజుల కూలి ప్రభుత్వాలు ఇవ్వాలి. వేసవి నిషేధానికి సాయం ఇస్తున్నప్పుడు దీనికి ఇవ్వడం పెద్ద భారం కాదు. అయితే యానాంలో ఒక రేటు, ఎదుర్లంకలో ఒక రేటు అంటే మాత్రం పని జరగదు.

మూడోది, వలకన్ను. వరద తగ్గాక, పిల్లలు కిందికి దిగే నెలల్లో సన్నకన్ను వలలు ఆపాలి. పట్టే చేతులనే కాదు, అమ్మే దుకాణాలను కూడా అడగాలి.

నాలుగోది, లెక్క. యానాంలో, అంతర్వేదిలో వేలంపాట జరిగే ప్రతి పులసకూ బరువు, పొడవు, ఆడా మగా, పట్టిన తేదీ, చోటు ఒక పుస్తకంలో రాసినా చాలు. దీనికి యంత్రాలు అక్కర్లేదు. ఓ గుమస్తా, ఓ కాటా ఉంటే అయిపోతుంది. రేవులో చేపలమ్మే ఆడవాళ్లకు ఈ లెక్కలు నోటికే వచ్చు, అడిగి రాసుకునేవాడు కావాలి. నాలుగేళ్లు రాస్తే పులస పెరుగుతోందో తరుగుతోందో గాలిమాట కాకుండా తేలుతుంది. దాటిన చేపలను లెక్కించడం ఆ తర్వాతి మెట్టు.

అయిదోది మన వంతు. శన పులసే కావాలని పట్టుబట్టడం మానుకోవాలి. అరచేతి పొడవు ఇలసపిల్లను కొనడం మానుకోవాలి. ఒడిశాలో గోపాలపూర్ తీరాన తెలుగు మాట్లాడే నోలియాలు సముద్రంలో వలేసినా, బరంపురం బజారులో తెలుగువాళ్లు కొన్నా, ఇలసపిల్ల విషయంలో ఇదే వర్తిస్తుంది.

ఇవన్నీ చేసినా పులస మునుపటిలా వస్తుందని హామీ ఎవరూ ఇవ్వలేరు. పైన బ్యారేజీ ఉంది. నీటి కాలుష్యం ఉంది. తీరంలో చమురు, గ్యాస్ పనులతో వేట దెబ్బతిందన్న మత్స్యకారుల ఫిర్యాదులున్నాయి. వాటన్నిటికీ జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లను అడగాల్సిందే. కానీ వాళ్లు జవాబు చెప్పేదాకా మొగలో వలలు ఎత్తమంటే, అప్పటికి అడగడానికి చేప మిగలదు.

వచ్చే వరదకు మళ్లీ ఎర్రనీరు వస్తుంది. మళ్లీ వేలంపాట జరుగుతుంది, ధర ఎంత పలికిందో మళ్లీ రాస్తారు. ఆ పక్కనే ఇంకో సంఖ్య కూడా రాసే రోజు రావాలి. ఈ ఏడాది మొగ దాటి పైకి పోయిన పులసలెన్ని? ఆ సంఖ్య చెప్పగలిగిన నాడు గౌతమి మీద పెత్తనం మనదని చెప్పుకోవచ్చు. అప్పటిదాకా అది ముందు పట్టినవాడిదే.